దమ్ము పెంచే ఆట... చదువుకు బాట!

"చదువుకునే పిల్లలకి పరుగులూ గంతులూ ఎందుకండీ? ఆ ఓపికేదో పుస్తకం మీద పెడితే నాలుగు మార్కులైనా వస్తాయి కదా!"

ఈ మాట అనని తల్లి గానీ, వినని పిల్ల గానీ మన వైపు ఉండరేమో! కలిగినవాళ్ళ ఇళ్ళల్లో ట్యూషన్‌కి టైమవుతోందని ఆట మాన్పిస్తారు. లేనివాళ్ళ ఇళ్ళల్లో పనికి టైమవుతోందని మాన్పిస్తారు. కారణం ఏదైనా ముందు ఆగేది మాత్రం ఆటే. ఆడపిల్లయితే ఇక చెప్పనే అక్కర్లేదు. పెద్దమనిషి అయిన నాటి నుంచి గడప దాటి పరుగెత్తితే నలుగురూ నోరు నొక్కుకుంటారు.

కానీ దమ్ము పెంచే ఆటలు, అంటే దూరపు పరుగు, సైకిలు తొక్కడం, ఈత, కొండలెక్కడం లాంటివి చదువుకి శత్రువులు కావు. పైపెచ్చు, చదువు ఎప్పుడు ఆగిపోతుందో తెలియని పేదింటి పిల్లలకి అవే చేతికర్ర అవుతాయి. ఇది ఎక్కడో విదేశాల్లో చెప్పిన మాట కాదు. మన తెలుగు పిల్లలు చేసి చూపించిన సంగతి.

పాకాల పిల్ల ఎక్కిన కొండ

మాలావత్ పూర్ణ పేరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లాలో పాకాల అనే చిన్న ఊరు. తల్లీతండ్రీ కూలిపనులు చేసుకునే గిరిజన కుటుంబం. ఆ అమ్మాయి తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకునేది. 2014 మే 25న తెల్లవారుజామున ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు, పదమూడేళ్ళ పదకొండు నెలలు! ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నదిగా రికార్డుకెక్కింది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా చర్ల కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. అతని తండ్రి సైకిళ్ళు బాగుచేసుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చే మనిషి.

వీళ్ళని కొండ దాకా తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? పెద్ద పెద్ద క్లబ్బులు కాదు, మన గురుకులాల సంస్థే. 2012లో ఆ సంస్థకి కార్యదర్శిగా వచ్చిన ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ ఆలోచన చేశారు. శేఖర్ బాబు అనే కోచ్ శిక్షణ ఇచ్చారు. మొదట భువనగిరి గుట్ట మీద వందమందికి పైగా పిల్లలకి రాతికొండ ఎక్కడం నేర్పారు. ఆ గుట్టని మొదటిసారి చూసినప్పుడు కాళ్ళు వణికాయని పూర్ణే తర్వాత చెప్పింది. అక్కణ్ణించి ఇరవైమందిని డార్జిలింగ్ పర్వతారోహణ శిక్షణ సంస్థకి పంపారు. వాళ్ళల్లో కొందరిని లడఖ్ చలిలో పరీక్షించారు. చివరికి మిగిలింది ఈ ఇద్దరు.

నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి పదహారేళ్ళు నిండాలి కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. మొత్తం 52 రోజుల ప్రయాణం. ఇళ్ళల్లో వంట చేసుకునే మనకి నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మంచూ, గాలీ అంతగా బాధపెట్టలేదట గానీ, ప్యాకెట్లలో వచ్చే తిండి వాసనే పడలేదట ఆ పిల్లకి! ఎంత ఎత్తుకి వెళ్ళినా అన్నం అన్నమే కదండీ.

ఆ తర్వాత పూర్ణ ఒక్కో ఖండంలో ఎత్తయిన కొండ ఎక్కుతూ పోయింది. 2022లో అమెరికాలోని దెనాలీ ఎక్కడంతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తయ్యాయి. అంతకన్నా మనం గమనించవలసింది, చదువు మానకపోవడం. కొండ దిగి వచ్చి మళ్ళీ క్లాసులో కూర్చుంది. పై చదువు కోసం అమెరికాలోని మిన్నెసోటా దాకా వెళ్ళింది. కూలిపని చేసుకునే గిరిజన దంపతుల బిడ్డకి ఈ దారి వేసింది ఆ గురుకులమూ, ఆ గుట్టా!

కొండకన్నా ముందు హాస్టలు

ఇక్కడొక మాట గట్టిగా చెప్పుకోవాలి. పూర్ణ కథ విని "అయితే మా పిల్లల్నీ కొండ ఎక్కించేద్దాం" అనుకుంటే పొరపాటే. ఆ పిల్లకి కొండకన్నా ముందు దొరికింది హాస్టలు. వేళకి అన్నం, పడుకోను చోటు, పాఠం చెప్పే టీచరు, ఉదయాన్నే లేపి గ్రౌండుకి తోలే మనిషి. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టి ఐదోది వచ్చింది.

ఇలాంటి కథే అగసర నందినిది. తండ్రి టీ కొట్టు నడుపుకుంటారు. ఆ అమ్మాయి కూడా సాంఘిక సంక్షేమ గురుకులంలోనే చదివింది. 2023లో చైనాలోని హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం తెచ్చింది. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. అన్నీ అయి ఒళ్ళు హూనమయ్యాక చిట్టచివర 800 మీటర్ల పరుగు ఉంటుంది! అక్కడ నిలబెట్టేది దమ్మే. నందిని కూడా ఆట కోసం చదువు వదిలెయ్యలేదు, డిగ్రీలో చేరింది.

అంటే అర్థమేమిటి? బడీ ఆటా విడివిడిగా ఉంటే రెండూ కుంటుతాయి. కలిసి నడిస్తే ఒకదాన్నొకటి లాక్కెళతాయి.

కాళ్ళకీ మెదడుకీ ఏమిటి సంబంధం?

"పరుగెత్తితే చదువెలా వస్తుంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం పిల్లల మీద చాలా పరీక్షలు చేశారు. తొమ్మిది పదేళ్ళ పిల్లల్ని 20 నిమిషాలు చురుగ్గా నడిపించి ఆ తర్వాత పరీక్ష పెడితే, ఊరికే కూర్చున్నప్పటికన్నా ధ్యాస నిలిచింది, చదివింది బాగా అర్థమయింది. ఇది 2009 నాటి మాట. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయం వారు ఇంకొకటి గమనించారు. మెదడులో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగం ఉంటుంది. ఎక్కువ దమ్మున్న పిల్లల్లో అది కాస్త పెద్దదిగా కనిపించింది, వాళ్ళకి జ్ఞాపకం కూడా మెరుగ్గా ఉంది. గుండె బాగా కొట్టుకుంటే మెదడుకి రక్తం బాగా అందుతుంది. నిద్ర బాగా పడుతుంది. మనసులో దిగులు తగ్గుతుంది. ఇవన్నీ చదువుకి పనికొచ్చేవే.

అయితే పరుగు దానంతటదే లెక్కలు నేర్పదు. అక్షరం రాని పిల్లని పది మైళ్ళు పరుగెత్తించినా అక్షరం రాదు. పరుగు చేసేది నేలని దున్నడం. విత్తనం వెయ్యాల్సింది టీచరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలంటోంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ గంట దొరుకుతోందో ఎవరింట్లో వాళ్ళు లెక్కేసుకోవచ్చు.

మెదడు సంగతి అలా ఉంచితే, అలవాటు ఇంకా పెద్ద సంగతి. నిన్న రెండు చుట్లు తిరిగిన పిల్ల ఈరోజు మూడు తిరుగుతుంది. వారం గడిచేసరికి ఐదు. "నాకు రాదు" అనుకున్నది మెల్లమెల్లగా వస్తుందని కాళ్ళకి తెలుస్తుంది. ఆ నమ్మకం కాళ్ళ దగ్గరే ఆగదు, లెక్కల పుస్తకం దాకా పాకుతుంది. తప్పిన లెక్కని మళ్ళీ చెయ్యడానికి కావలసిందీ ఆ ఓపికే కదా!

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో 1980ల చివర్లో ఒక మాస్టారు ఇదే పని చేశారు. ఆయన బడిలో ఉన్నది మామూలు బడుల్లో ఇమడలేక చదువు ఆపేసే అంచున ఉన్న పేదపిల్లలు. వాళ్ళని మారథాన్‌కి, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగుకి తయారుచేశారు. తర్వాత అది నగరంలోని చాలా బడులకి పాకి పెద్ద కార్యక్రమం అయింది. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, టీచర్లు ఈలలు ఊదుతూ ఒడ్డున నిలబడరు. పిల్లలతోపాటు నెలల తరబడి తామూ పరుగెత్తుతారు! ఒకరోజు పిల్ల రాకపోతే "ఏమయింది?" అని అడిగే మనిషి ఉంటాడన్నమాట. చదువు ఆపేసే పిల్లలకి చాలాసార్లు లేనిది ఆ అడిగే మనిషే.

మన మిరప కోతలు, మన పరీక్షలు

ఇక మన నందిగామ, జగ్గయ్యపేట వైపు సంగతి చూద్దాం. మనది మెట్ట ప్రాంతం. పత్తీ మిరపా మన పంటలు. పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు ఆడ కూలీలకి ఒకటే గిరాకీ. సంక్రాంతి దాటాక మిరపకాయలు కోతకొస్తాయి, కల్లాలు ఎర్రబడతాయి. సరిగ్గా అప్పుడే పదో తరగతి పిల్లలకి రివిజన్లు! మార్చిలో పబ్లిక్ పరీక్షలు. తల్లితో చేలోకి వెళ్ళే పిల్లకి ఆ రెండు నెలలు బడి పోతే, ఏడాది చదువంతా పోయినట్టే. అలా తప్పిన ఆడపిల్ల మళ్ళీ పరీక్ష కడుతుందా? కట్టేలోపు సంబంధం వస్తుంది!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిపోయింది. దేశం మొత్తం మీద ఆ లెక్క నూటికి 23. మనం వెనకబడ్డామన్న మాట చేదుగా ఉన్నా నిజం.

ఇక్కడే ఆట పనికొస్తుంది. బడి జట్టులో పరుగెత్తే పిల్లని "రేపు మండలం పోటీలున్నాయి, పిల్లని పంపండి" అని వ్యాయామం మాస్టారు ఇంటికొచ్చి అడుగుతారు. పేరు పేపర్లో పడితే తండ్రి ఆ కాగితం కత్తిరించి దాచుకుంటాడు. "మా పిల్ల జిల్లాకి ఆడింది" అన్న తండ్రి అంత తేలిగ్గా బడి మాన్పించడు. తెల్లారగట్ల లేచే అలవాటున్న పిల్ల ఆ గంటలో చదువుకోవడమూ నేర్చుకుంటుంది. పైగా మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష ఒక్కటే చాలదు, 1600 మీటర్ల పరుగు కూడా గట్టెక్కాలి. చదువూ దమ్మూ రెండూ ఉంటేనే ఆ ఖాకీ చొక్కా!

సైకిలెక్కిన ఆడపిల్ల

పరుగొక్కటే కాదు, సైకిలు కూడా దమ్ము ఆటే. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కలు తీసి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని తేలింది. బడి మూడు కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్ళల్లో ఆ మేలు ఇంకా ఎక్కువ. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. నలుగురు పిల్లలు జట్టుగా బెల్లు కొట్టుకుంటూ పోతుంటే రోడ్డు మీద ఆకతాయిలకి కూడా నోరు పెగలదు. రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కే పిల్లకి వేరే వ్యాయామం ఎందుకు చెప్పండి?

బుధియా నేర్పిన పాఠం

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చూడాలి. మన పక్క రాష్ట్రం ఒడిశాలో బుధియా సింగ్ అని భువనేశ్వర్ మురికివాడ పిల్లాడు. 2006 మే 2న పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు ఏడు గంటల రెండు నిమిషాల్లో పరుగెత్తాడు. అప్పుడు ఆ పిల్లాడి వయసు నాలుగేళ్ళు! మే నెల ఎండలో నాలుగేళ్ళ పసివాడు... దేశమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత డాక్టర్లు పరీక్షిస్తే, సరైన పోషణ లేదు, రక్తం తక్కువ, గుండె మీద ఒత్తిడి ఉంది అన్నారు. ప్రభుత్వం దూరపు పరుగులు ఆపించింది.

పిల్లవాడి కోసం ఆటా, ఆట కోసం పిల్లవాడా? ఈ ప్రశ్న ప్రతి తల్లీ గుండె మీద చెయ్యి వేసుకుని అడగాలి. ఆకలితో ఉన్న పిల్లని పరుగెత్తించడం సాయం కాదు, పాపం. మన పేదపిల్లలకి మొదట పెట్టాల్సింది అన్నం, తర్వాతే ఆట.

పరుగు పిల్లల పళ్ళెంలో ఏముండాలి?

2019-21 సర్వేలోనే మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం లేని పిల్లకి రెండు చుట్లకే ఆయాసం వస్తుంది, పాఠంలో కునుకూ వస్తుంది. అందుకని:

* బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర తప్పకుండా మింగించాలి, అన్నం తిన్నాక. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా అంతే.

* తోటకూర, గోంగూర, మునగాకు వారంలో మూడు నాలుగుసార్లయినా వండాలి. పప్పులోకి నిమ్మకాయ పిండితేనో, అన్నం తిన్నాక జామకాయ ముక్క పెడితేనో ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు సగం పోతుంది.

* రాగిజావ: నాలుగు చెంచాల రాగిపిండిని అరగ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. రెండు గ్లాసుల నీళ్ళు మరుగుతుండగా పోసి, గరిటె ఆపకుండా తిప్పుతూ సన్న సెగ మీద ఉడికించాలి. చల్లారాక మజ్జిగా, ఉప్పూ వేస్తే ఎండాకాలం జావ. పాలూ బెల్లమూ వేస్తే చలికాలం జావ. 2023లో ప్రభుత్వ బడుల్లో కూడా పిల్లలకి రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు.

* పరుగుకి ముందు కడుపునిండా పెట్టొద్దు. ఒక అరటిపండు చాలు. వచ్చాక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పూ బెల్లం ముక్కో ఇవ్వండి.

* చెమట పట్టాక ఉప్పేసిన పలచని మజ్జిగని మించింది లేదు. రంగు సీసాల పానీయాలు కొననక్కర్లేదు.

మనమేం చెయ్యగలం?

"మేం ఇంట్లో ఉండే ఆడవాళ్ళం, మా చేతుల్లో ఏముంది?" అనకండి. నలుగురు గృహిణులు కలిస్తే ఒక వీధి పిల్లలకి దారి చూపించొచ్చు. ప్రభుత్వ గ్రాంటూ అక్కర్లేదు, ప్రారంభోత్సవమూ అక్కర్లేదు.

మన ఇంటికి పనికొచ్చే ఆవిడ పిల్లనీ మన పిల్లనీ కలిపి ఒకే జట్టులో వెయ్యండి. తెల్లవారుజామున ఐదున్నరకి బడి గ్రౌండుకి వెళ్ళాలి. రోజుకొక తల్లి వంతున తోడు వెళితే ఆడపిల్లల్ని పంపడానికి ఎవరూ వెనకాడరు. నడుం నొప్పులకి మన నడకా అయిపోతుంది!

మొదటి రెండు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఇరవై నిమిషాలు. తర్వాత మెల్లగా పరుగు పెంచి నడక తగ్గించాలి. పక్క పిల్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే ఆ వేగం సరైనది. మాట రాకపోతే ఎక్కువైనట్టు. వారానికి రెండు రోజులు సెలవు ఇవ్వాలి. మన నందిగామ ఎండలు మీకు తెలియనివి కావు, మే నెలలో వాతావరణ వార్తల్లో మన ఊరి పేరు వినబడకుండా ఉండదు. అందుకని వేసవిలో ఏడింటికల్లా అందరూ నీడకి చేరాలి. కళ్ళు తిరిగినా, గుండెలో నొప్పి అన్నా, ఊపిరి అందకపోయినా పరుగు ఆపించి డాక్టరుకి చూపించాలి. అసలు మొదలుపెట్టేముందే ఒకసారి ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయిస్తే మంచిది.

నెలసరి రోజుల్లో పరుగెత్తకూడదన్న నియమం ఏమీ లేదు. నొప్పి లేకపోతే మామూలుగా ఆడొచ్చు, ఉంటే మానెయ్యొచ్చు. ఆ సంగతి పిల్ల నోరు తెరిచి చెప్పుకునేలా మనమే చనువివ్వాలి. వదులు చొక్కా, ప్యాంటు చాలు. బూట్లు లేకపోతే కాలికి సరిపోయిన కాన్వాసు జోడు చాలు. అన్నయ్యకి పొట్టయిపోయిన జోడైనా ఫరవాలేదు.

ఇంకొకటి. పరుగు అయ్యాక అరగంట అక్కడే చెట్టు కింద పుస్తకం తియ్యాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద చదువులు అక్కర్లేదు, ఇంటర్ దాకా చదివిన నాలాంటి వాళ్ళు కూడా ఆరో తరగతి లెక్క చెప్పగలరు. తెలుగు పాఠం చదివించి వినగలరు. ఎవరు రాలేదో చూసుకుని, మిరప కోతలకి వెళ్ళిందని తెలిస్తే సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి, "రేపు పిల్లని పంపమ్మా, పరీక్షలయ్యే దాకా ఓపిక పట్టు" అని చెప్పగలరు. ఆ ఇంటికి కూలి డబ్బులు అవసరమే, కాదనం. కానీ ఆ రెండు నెలల కూలీ ఎంతొస్తుంది, పది పాసైతే పిల్లకి ఎన్ని దారులుంటాయి అని కూర్చుని లెక్క చెప్తే వినే తల్లులే ఎక్కువ.

అందరూ పూర్ణలూ నందినులూ కానక్కర్లేదు. పతకాలు వస్తే సంతోషమే. రాకపోయినా ఉదయాన్నే లేచే అలవాటు, ఒంట్లో కాస్త రక్తం, "నేను చెయ్యగలను" అన్న ధైర్యం, పదో తరగతి సర్టిఫికెట్టు... ఈ నాలుగూ మిగిలితే ఆ పరుగు గెలిచినట్టే. ముందు మీ వీధిలో ఏ పిల్ల ఈ వారం బడికి వెళ్ళలేదో ఒకసారి ఆరా తియ్యండి.